మొదటి గంప పేరు లాభం

"లాభమంటే ఏమి? ఎవరు చెప్తారు?"

రామదాసు మాస్టారు అడిగిన ప్రశ్నకు తొమ్మిదో తరగతిలో ఒక్క చెయ్యీ లేవలేదు. సాయంత్రం ఆఖరి పీరియడు. బయట గాలికి ఎర్రమట్టి లేచి కిటికీల్లోంచి పుస్తకాల మీద పడుతోంది. మాస్టారికి పొద్దుటి నుంచి అది ఏడో పాఠం, గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఎవరూ పలకకపోయేసరికి మూడో వరసలో కూర్చున్న ఈశ్వరిని లేపాడు.

"మొదటి గంప సార్," అంది ఈశ్వరి.

తరగతంతా గొల్లుమంది. ఈశ్వరి ముఖం ఎర్రబడింది.

మీరు మాత్రం నవ్వకండి. అనంతపురం జిల్లా ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో కళ్లంలో శెనిక్కాయలు కొలిచే రైతు 'ఒకటి' అనడు. మొదటి గంప మూటలో పోస్తూ 'లాభం' అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. నోట మంచి మాట పలికితే ఇంట మంచి జరుగుతుందని తాతల నాటి నమ్మకం. తండ్రి నారాయణప్ప నోట ఈశ్వరి ఆ మాట విన్నది కళ్లంలోనే. ఇంకెక్కడా ఎప్పుడూ వినలేదు. తెలిసిందే చెప్పింది పాపం.

మాస్టారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. అంత ఓపిక ఆయనకు మిగల్లేదు. బోర్డు వైపు తిరిగి, 'వచ్చిన సొమ్ములోంచి పెట్టిన ఖర్చు తీసేస్తే మిగిలేది లాభం' అని రాసి, "రాసుకోండి" అన్నాడు.

ఆ ఏడాది, అంటే 2003లో, ఒక స్వచ్ఛంద సంస్థ ఆ హైస్కూల్లో 'వ్యాపార పరిచయం' అనే కొత్త పాఠం పెట్టించింది. పల్లె పిల్లలు సొంతంగా బతకడం నేర్చుకోవాలని వాళ్ల ఉద్దేశం. ఉద్దేశంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. లెక్కలు చెప్పే రామదాసు మాస్టారికి రెండు రోజుల శిక్షణ ఇచ్చి, ఆ బరువు కూడా ఆయన నెత్తినే పెట్టారు. నియమాల కాగితం గోడకు అంటించారు. వేళకు రావాలి, ఫైలు శుభ్రంగా ఉంచుకోవాలి, నెలకొక అభ్యాసం రాయాలి, పది రోజులకు మించి బడి మానకూడదు. డిసెంబరులో ప్రతి ఒక్కరూ తమ ఇంటి వృత్తికి జమాఖర్చు తయారుచేసి సంస్థవాళ్ల ముందు చదవాలి. అందులో నెగ్గితే సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ సర్టిఫికెట్టు ఉన్నవాళ్లకు పదో తరగతి తర్వాత అనంతపురంలో హాస్టలుతో సహా రెండేళ్ల ఉచిత కామర్సు చదువు.

ఈశ్వరికి ఆ చదువు కావాలి. వాళ్ల వీధిలో పదో తరగతి అయిన ఆడపిల్లలంతా తల్లిదండ్రుల వెంట బెంగళూరు పోయి మేడల పనిలో ఇటుకలు మోస్తున్నారు. పండక్కి వచ్చినప్పుడు వాళ్ల అరచేతులు చూసింది ఈశ్వరి. అవి పదహారేళ్ల పిల్లల చేతుల్లా లేవు.

నవంబరు నెలాఖరులో మాస్టారు ఆమెను ఆఫీసు గది దగ్గరికి పిలిచాడు. చేతిలో హాజరు పట్టీ ఉంది.

"ఎన్ని దినాలు మానినావో తెలుసునా?"

"చేనికి పోయినా సార్. కలుపప్పుడు, మళ్లా చెట్లు పెరికేటప్పుడు..."

"యాడికి పోయినా రిజిస్టర్లో గైర్హాజరే కదమ్మా." మాస్టారు కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. "సరే విను. నీ జమాఖర్చు బాగుంటే వచ్చేవాళ్లకు నేను చెప్పి చూస్తా. మంచి లాభం చూపియ్యి. నష్టపోయే పిల్లకు సీటు ఇయ్యమని నేనేమని అడిగేది?"

ఈశ్వరి తలూపి ఇంటికి వచ్చింది. ఆ రోజే కళ్లంలో కాయలు కొలుస్తున్నారు. వరసగా మూడో కరువు. వాన జూలైలో ఒకసారి మురిపించి, ఆగస్టంతా ముఖం చాటేసింది. అయిదెకరాల చేనులో కాసిన కాయలన్నీ ఒక మూలకు కుప్పగా ఉన్నాయి. నారాయణప్ప తలకు తుండుగుడ్డ చుట్టుకుని గంప ఎత్తాడు.

"లాభం."

తల్లి నల్లమ్మ మూట మూతి తెరిచి పట్టుకుంది.

"రెండు... మూడు... నాలుగు... అయిదు."

అయిదు గంపలకొక మూట. మూట మారినప్పుడల్లా మళ్లీ 'లాభం'తో మొదలు. మొత్తం పన్నెండు మూటలయ్యాయి. అంటే ఆ సాయంత్రం ఆ ఇంటికి పన్నెండు సార్లు లాభం వచ్చిందన్నమాట. చివరి మూట కుట్టేసి నారాయణప్ప దాని మీదే చతికిలబడ్డాడు.

వారం తర్వాత కాయలు అమ్ముడుపోయాయి. ఈశ్వరి ఫైలు తెచ్చుకుని తండ్రి పక్కన కూర్చుంది. విత్తనాల ఖర్చు, దున్నకానికి ట్రాక్టరు బాడుగ, ఎరువు, గోనెసంచులు అన్నీ అడిగి రాసుకుంది. వచ్చిన ఏడువేల ఆరువందల ఎనభై రూపాయల్లో ఆరువేల ఏడువందలు ఖర్చు పోయాయి. తొమ్మిదివందల ఎనభై మిగిలింది.

"కూలి అని ఒక గడి ఉండాది నాయనా. దాంట్లో ఏం రాయాల?"

"మనం కూలోళ్లను యాడ పెట్టుకున్నాం? మనమే చేసుకుంటిమి."

"మన పనికి?"

నారాయణప్ప ఆమె వైపు వింతగా చూశాడు. "మన ఒళ్లు మనదే కదమ్మా. దానికి దుడ్లు ఎవురిస్తారు?"

సంస్థవాళ్లు ఇచ్చిన పుస్తకంలోనూ ఆ మాటే ఉంది. అందులో నిమ్మకాయ సోడా అంగడి ఉదాహరణ కింద, 'ఇంటివాళ్లు చేసే పనికి ఖర్చు రాయనక్కరలేదు' అని అచ్చువేశారు. కాబట్టి ఈశ్వరి కూలి గడిలో సున్నా పెట్టింది. లాభం తొమ్మిదివందల ఎనభై. మాస్టారు అడిగింది దొరికింది. ఫైలు మూసి, దాన్ని గూట్లో పెట్టడానికి లేచింది.

గూటి పక్కన తలుపు వెనక గోడ మీద బొగ్గు గీతలున్నాయి. అవి నల్లమ్మ గీతలు. ఎవరి చేలోనైనా కూలికి పోయి వచ్చిన రోజు కాళ్లు కడుక్కోకముందే ఒక గీత గీస్తుంది. వారానికొకసారి కూలి ఇచ్చేటప్పుడు ఒక రోజు అటూ ఇటూ అయితే ఆమె దగ్గర గోడ ఉంది సాక్ష్యం. ఈశ్వరి చిన్నప్పటి నుంచీ చూస్తున్న గోడే. ఇవాళ మాత్రం దాని ముందు నిలబడిపోయింది.

"అమ్మా, మన చేనికి పోయిన దినాలు యాడ గీసినావు?"

పొయ్యి ముందున్న నల్లమ్మ తిరిగి చూడలేదు. "మన చేనికి గీతలేందే? బుద్ధుండే మాటేనా అది?"

అదే ఎండ, అదే నడుము నొప్పి. పక్కవాళ్ల చేలో వంగితే గోడ మీద గీత పడుతుంది. సొంత చేలో వంగితే గోడ ఖాళీ. ఏళ్ల తరబడి వంగిన ఆ నడుములు ఎవరి లెక్కలోనూ లేవు, ఆఖరికి తన ఫైలులో కూడా లేవు. ఆ ఇంట్లో ముగ్గురూ ఎందుకంత అలసిపోయి ఉంటారో, అంత అలసినా ఎందుకేమీ మిగలదో ఆ పిల్లకు మొదటిసారి అర్థమైంది.

రెండు రోజులు తల్లినీ తండ్రినీ విసిగించింది. విత్తనాలు ఒలిచినవి ఎన్ని దినాలు, విత్తింది ఎన్ని, కలుపు రెండుసార్లకు ఎన్ని, పెరికింది, కాయ తెంపింది ఎన్ని అని అడిగి రాసుకుంది. తండ్రివి అరవై ఎనిమిది, తల్లివి అరవై ఒకటి తేలాయి. తన దినాలే ఎవరికీ గుర్తులేవు. అవి ఎక్కడ రాసి ఉన్నాయో ఆమెకు తెలుసు.

మర్నాడు బడిలో రామదాసు మాస్టారి ముందు నిలబడింది. "సార్, నేను మానిన దినాలు ఎన్నో చెప్తారా? కూలి గడిలో రాసుకోవాల."

మాస్టారికి మొదట అర్థం కాలేదు. ఈశ్వరి ఫైలు చూపించింది. ఆయన పట్టీ తెరిచి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పందొమ్మిది. పట్టీ మూసి ఆమె ఫైలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదంతా రాస్తే నష్టం వస్తుంది కదమ్మా," అన్నాడు. "పుస్తకంలో వద్దని చెప్పినారు. ఇది వద్దులే. సున్నా పెట్టినదే చదువు. సీటు ముఖ్యం."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ పిల్ల బాగుండాలనే చెప్పాడు. మన దేశంలో నిజం రాయవద్దని చెప్పేవాళ్లలో చాలామంది మన మంచి కోరేవాళ్లే.

డిసెంబరులో సంస్థ తరఫున గంగాధరప్ప అనే పెద్దమనిషి వచ్చాడు. గ్రామీణ బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. తల్లిదండ్రుల్ని కూడా రమ్మన్నారు. నారాయణప్ప వచ్చి, బెంచీ మీద చోటున్నా కూర్చోక, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముందు ఆ తరగతి పిల్లవాడు ఓబిలేష్ తమ టీ హోటలు జమాఖర్చు చదివాడు. లాభం. అందరూ చప్పట్లు కొట్టారు. రోజూ ఆ హోటల్లో గ్లాసులు కడిగే వాళ్లమ్మ పేరు అందులో లేదు, ఉండాలని ఎవరికీ తోచనూ లేదు.

ఈశ్వరి లేచింది. ఫైలులో రెండు కాగితాలున్నాయి. మాస్టారు ఆమె వైపు ఆత్రంగా చూశాడు. ఆమె మాత్రం వెనక గోడకు ఆనుకున్న తండ్రిని చూసింది. రెండో కాగితం తీసింది.

"మా చేను జమాఖర్చు," అని చదివింది. "కూలి: మా నాయనవి అరవై ఎనిమిది దినాలు, దినానికి నలభై. మా అమ్మవి అరవై ఒకటి, దినానికి ఇరవై అయిదు. నావి పందొమ్మిది, దినానికి పదహైదు. మొత్తం నాలుగువేల అయిదువందల ముప్పై. అది రాయకుంటే తొమ్మిదివందల ఎనభై లాభం. రాస్తే మూడువేల అయిదువందల యాభై నష్టం సార్."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"నీవి పందొమ్మిదే అని ఎట్ల చెప్తావమ్మా?" అడిగాడు గంగాధరప్ప.

"మా సార్ రిజిస్టర్లో ఉండాయి సార్. గైర్హాజరు కింద."

రామదాసు మాస్టారు తల వంచుకున్నాడు. గంగాధరప్ప లేచి, పిల్లలతో కాక, వెనక నిలబడ్డ పెద్దలతో మాట్లాడాడు.

"ముప్పై ఏండ్లు నేను బ్యాంకులో కూర్చుని రైతుల కాగితాలు చూసినా. ఇంటివాళ్ల కూలి గడి అందరిదీ ఖాళీనే. నేను ఒక్కనాడూ ఇదేమప్పా అని అడగలేదు. మీరు సొంతపని అనుకుని వదిలేసినారు, మేము ఉత్తపని అనుకుని సంతకాలు చేసినాం. కాయ ధర కట్టేవాళ్లు కూడా ఆ లెక్కతోనే కడతాండారు. ఈ పిల్ల నష్టం తేలేదు. ఎప్పటి నుంచో ఉన్న నష్టాన్ని చూపించింది, అంతే."

నారాయణప్ప తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటున్నట్టు అందులో ముఖం దాచుకున్నాడు.

ఇక్కడితో కథ ఆపేస్తే ఈశ్వరికి సీటు దొరికిందని మీరు సంతోషపడతారు. దొరకలేదు. గంగాధరప్ప చెప్పి చూశాడు, మాస్టారు రెండు పేజీల ఉత్తరం రాశాడు. జనవరిలో జవాబు వచ్చింది. పది రోజులకు మించి మానినవారికి సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదు, కావాలంటే పదో తరగతిలో మళ్లీ చేరవచ్చు, ఈసారి ఒక్క రోజు ఎక్కువ మానినా పేరు కొట్టేస్తాం అని. ఈశ్వరి ఆ ఉత్తరం మడిచి ఫైలులో పెట్టుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మళ్లీ జూన్ వచ్చింది. బడి తెరిచిన వారానికి విత్తడానికి సరిపడా ఒక పదును వాన పడింది. నారాయణప్ప, నల్లమ్మ తెల్లవారకముందే చేనికి పోయి పొద్దుగూకి తిరిగొచ్చారు. వాళ్లు పోయేటప్పుడు ఈశ్వరి గంప పట్టుకుని వెంట బయల్దేరబోతే తండ్రి ఆ గంప లాక్కున్నాడు. "నువ్వు బడికి పో. నీ బదులు ఒక కూలిమనిషిని పెడతా. ఆ దుడ్లు కూడా ఖర్చులోనే రాయి" అన్నాడు.

సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చి దీపం ముట్టిస్తుంటే నారాయణప్ప పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తీసుకుని తలుపు వెనక్కి పోయాడు. పాత గీతలకు పక్కగా, ఖాళీ జాగాలో రెండు గీతలు గీశాడు.

"అవేం గీతలు?" అంది నల్లమ్మ నడుము పట్టుకుని గడపలో కూర్చుంటూ.

"ఒకటి నీది, ఒకటి నాది."

"మన చేనికి మనకు కూలి ఎవురిస్తారని గీస్తాండావయ్యా?"

నారాయణప్ప బొగ్గు చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఎవురూ ఇయ్యరులే. అడిగేనాడు ఎంతని అడగాలో మనకన్నా తెలియాల కదా. మన కష్టాన్ని మనమే సున్నా అని రాసుకుంటే, ఇంకొకడు దానికి ఎందుకు వెల కడతాడు?"