సగం మొక్కు

ఆ పొద్దున ఆకాశం మగ్గం మీద పడుగు చాపినట్టు సన్నటి తెల్ల చారలతో ఉంది. ఆ కాస్త వెలుగే సమ్మమ్మ కళ్లల్లో గుచ్చుకుంటోంది. కొత్తవాడలోని ఇంట్లో, జంపఖానాలు నేసే మగ్గం ముందు మొగుడు కట్టయ్య పక్కన కూచుని ఎర్రనూలు దూర్చింది. ఇనుపగోళ్ల పంజాతో నూలును దిగగొట్టింది. పెళ్లయినప్పటి నుంచి వింటున్న చప్పుడే ఇవాళ పుర్రెలో మోగింది.

"జర పండుకోరాదే," అన్నాడు కట్టయ్య.

"పండుకొని ఏంజెయ్యాలె? నీ గురక లెక్కబెట్టాల్నా?"

కొడుకు జ్వరంతో చనిపోయినప్పుడు ఎవరో డాక్టరు నిద్రగోలీలు రాశాడు. కొన్నాళ్లకని రాసినవి ఏళ్లకేళ్లు నడిచాయి. ఒకటి చాలక రెండయ్యాయి. కళ్లు మూతపడేవిగానీ, చిన్ననాడు తల్లి పక్కలో పోయిన నిద్ర మళ్లీ రాలేదు. ఆమె ఆశంతా ఆ నిద్ర మీదే.

గోలీలు మానేస్తానంటే పోయిన నెల ఎల్లస్వామి డాక్టరు, నేతోళ్ల ఇంట పుట్టినవాడే, విడమరచి చెప్పాడు.

"అక్కా, పడుగు మరీ బిగిస్తే తెగదా? మెదడు గూడ అంతే. బిగువు సడలించే మందు మెదడులనే ఊరుతది. గోలీ దానికి బలమిస్తది. రోజూ ఇస్తే మెదడు గోలీ మీదనే ఆనుకుంటది, సొంత మందు పనిజేసుడు తగ్గుతది. ఒక్కపారి ఆపితే బిగువంత మీదపడ్తది, ఫిట్స్ గూడ వస్తయి. నెలలు పట్టినా సరే, సగం సగం తగ్గిద్దాం."

మేడారం జాతరలో ఆమె గోలీలన్నీ వాగులో వదిలింది. ఆ నిద్ర తిరిగియ్యమని, గోలీలు మళ్లీ ముట్టనని అమ్మవార్ల గద్దెల ముందు మొక్కింది.

"డాక్టరు సగం సగం అన్నడు గదనే," అన్నాడు కట్టయ్య.

"తల్లికి ఎవలన్న సగం మొక్కు మొక్కుతరా?"

కట్టయ్య తల్లికి మొక్కిన బెల్లాన్ని నెత్తి మీంచి దించి గద్దె దగ్గర పెట్టాడు.

జాతర నుంచి తిరిగొచ్చి ఇవాళ్టికి నాలుగు రోజులైంది. ఒకటే చెమటలు, వణుకు; కునుకు లేదు. తల్లి పరీక్ష పెడుతోందనుకుంది.

మధ్యాహ్నం పంజా ఆగింది. "ఏమయ్యా, కన్నంటుకుంటాంది," అంది, చిన్నపిల్లలా సంబరంగా. అంతలోనే ఒళ్లంతా కొయ్యబారి పక్కకు ఒరిగింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. రిక్షాలో దవాఖానకు పోతుండగా, కట్టయ్య భుజం పట్టుకున్న ఆమె పిడికిలి మెల్లగా సడలింది.

మూడోనాడు సమ్మమ్మ పేరు మీద పిట్టకు కూడు పెట్టారు. కాకి ముట్టింది. కట్టయ్య, ఎల్లస్వామి ఒకే గోడకు ఆనుకుని విస్తళ్ల ముందు కూచున్నారు. "నేను జర గట్టిగ చెప్పాల్సుండె" అనబోయి డాక్టరు ముద్ద మింగాడు.

మగ్గం మీద ఆమె వైపు పంజా ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, గోళ్ల మధ్య ఎర్రనూలు పోగుతో.