గీతల మధ్య రాసిన పేరు

నేను ఒక నల్లటి కణాన్ని. ఆటోనగర్‌లో లారీలకు పేర్లు రాసే కాలేషా పెయింటర్ మెదడు అడుగున నా కాపురం. నాణేనికున్నట్టు చేతులు మారే యోగం నాకు లేదు. ఆయన పుట్టకముందే తయారై, అరవై రెండేళ్లుగా ఆ ఒక్కడికే చాకిరీ చేస్తున్నాను.

ఆయన చెయ్యి సాఫీగా కదలడానికి కావలసిన రసాయనం అందించడం నా పని. ఎవరూ అడగకపోయినా సెకనుకు రెండు మూడు సార్లు చిన్న కరెంటు పుట్టించి మోగుతూనే ఉంటాను. మోగినప్పుడల్లా కాల్షియం లోపలికి వచ్చిపడుతుంది, దాన్ని బయటికి తోడిపోయాలి. పైగా నా కొమ్మలు లక్షల చోట్లకు పాకాయి, వాటన్నింటినీ పోషించాలి. పక్క వీధి కణాలు చేసేదీ ఇదే రసాయనం. కానీ వాటికి కొమ్మలు తక్కువ, కాల్షియాన్ని అదుపు చేసే సరంజామా ఎక్కువ. అవి చాలావరకు నిక్షేపంగా ఉన్నాయి. ఖాళీ అవుతున్నది మా వీధే.

మొదట నా ఎడమ పక్కవాడిలో జిగురు ముద్ద ఒకటి పేరుకుంది. తర్వాత వాడి మోత వినపడలేదు. శుభ్రం చేసే కణాలు వచ్చి, వాడిని మెల్లగా తినేసి వెళ్లాయి. అలా మాలో సగం మంది పోయేదాకా కాలేషాకు ఏమీ తెలియలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు కూతురు హసీనా లారీ వెనక నిలబడి ఆయన రాసిన పేరు చూసింది.

"నాన్నా, మొదటి అక్షరం జానెడుంది, చివరిది చీమంతుంది. ఏంటిది?"

"బ్రష్ అరిగిపోయిందమ్మా."

మూడు కొత్త బ్రష్‌లు కొన్నాడు. వాటికీ అదే జబ్బు వచ్చింది! జబ్బు బ్రష్‌లది కాదు, చేతిని నడిపే మెదడుదని డాక్టరు చెప్పాకే వాటిని తిట్టడం మానేశాడు.

హసీనా సొంతంగా పెయింటింగ్ షాపు పెట్టింది.

"నీ బోర్డు నేనే రాస్తా. రాయలేకపోతే ఇక బ్రష్ ముట్టను" అన్నాడు కాలేషా. నాకు భయం వేసింది. అప్పటికి మేం మిగిలింది పిడికెడు మందిమి.

హసీనా సుద్ద రాసిన దారంతో బోర్డుకు పైన ఒకటి, కింద ఒకటి గీత కొట్టింది. గీతలు నేర్చుకునేవాళ్లకు కొడతారు. నలభై ఏళ్లు గీత లేకుండా రాసిన మనిషి ముఖం మాడ్చుకున్నాడు.

"నాకు గీతలు కొడతావటే?"

"గీత తగిలేదాకా లాగు నాన్నా. అంతే."

లాగాడు. ఒక్కో అక్షరం రెండు గీతలనూ తాకింది. చివరిదీ మొదటిదంతే వచ్చింది. హసీనా ఏడ్చేసింది.

నేను మాత్రం బిక్కచచ్చిపోయాను. చేతిని కదిలించిన ఆజ్ఞ మా వీధి మీదుగా రాలేదు. కంటి చూపులో బయల్దేరి, నాకు పరిచయం లేని కణాల గుండా, వేరే దారిన చేతికి వెళ్లిపోయింది. నేను లేకపోతే ఆ చెయ్యి లేదనుకుంటూ ఇన్నేళ్లూ బతికాను. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

కాలేషా ఇంకో బోర్డుకు గీతలు కొట్టమంటున్నాడు. నాలో జిగురు ముద్ద పెరుగుతోంది. మా వీధిలో ఇప్పుడు నా మోత నాకొక్కడికే వినిపిస్తోంది.