తప్పిన రెడ్డు

నేను ఒక క్యారమ్స్ బోర్డును. నాలుగు మూలలా బొక్కలున్నా ఎవరికీ నష్టం తేని సరుకును. రాజమండ్రిలో ఒక వడ్రంగి నన్ను చేసి, టేకు చట్రమని చెప్పి అమ్మాడు. టేకు కాదు. వ్యాపారమన్నాక ఆమాత్రం గుట్టు ఉంటుంది.

మొదట నన్ను కొన్నది ఒక టైలరు. బట్టలు ఆలస్యమైనప్పుడల్లా నన్ను అరుగు మీద వేసేవాడు. పెళ్లి చొక్కా కోసం పోట్లాటకు వచ్చినవాళ్లు రెడ్డు కోసం పోట్లాడి, చొక్కా మరిచి వెళ్లేవారు. చేతికి పని దొరికితే మనిషి మెత్తబడతాడని అక్కడే నేర్చుకున్నాను.

కొట్టు మూసేశాక వసుంధర మేడమ్ నన్ను కొనుక్కుంది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లల మనసు బాగోగులు చూసే ఉద్యోగం ఆమెది. కాలేజీవాళ్లు ఆమె గదిని సరిగ్గా క్యాంటీన్ ఎదురుగా పెట్టి, గుమ్మం మీద "కౌన్సెలింగ్" అని పెద్ద అక్షరాలతో రాయించారు. కూడలిలో పెడితే ఏ కొట్టయినా నడుస్తుందనుకున్నారు పాపం. నలుగురూ చూస్తుండగా కొనే సరుకా అది? గుమ్మం దాకా వచ్చినవాణ్ణి సమోసాలు తినేవాళ్లు "ఏరా, బుర్ర తిరిగిందేంటి?" అని పలకరించేవారు. దాంతో అందరూ రావడం మానేశారు.

నన్ను బల్ల మీద పెట్టి పౌడరు చల్లాక గది నిండింది. ఎవరడిగినా "క్యారమ్స్‌కి" అనొచ్చు.

కానీ మేడమ్ ఆట చూస్తే నాకే సిగ్గేసేది. బొక్క అంచున కూర్చున్న కాయిన్ కూడా ఆమెకు పడేది కాదు. ఎలాంటి చేతిలో పడ్డానురా అనుకునేవాణ్ణి.

వచ్చేవాళ్లలో చంద్రమౌళి అనే పలాస కుర్రాడొకడు. ఇంటర్ చదివిన హాస్టల్లో లేవడానికీ, తినడానికీ, చదవడానికీ గంట కొట్టేవారు. ఇక్కడ కొట్టేవాడు లేడు. వాడి గురికి తిరుగులేదు, నోట మాటే లేదు. రానురాను చొక్కాలు మాశాయి.

ఒక సాయంత్రం వాళ్లిద్దరే ఆడుతున్నారు. రెడ్డు అంచున ఉంది. మేడమ్ వేసేస్తే ఆట ముగిసినట్టే, కుర్రాడు లేచి పోతాడు. ఆమె గురి తప్పింది. మళ్లీ తప్పింది. అప్పుడు వాడు తలెత్తకుండా అన్నాడు.

"క్లాసుకెళ్తన్నానని ఇంట్లో అబద్ధం చెప్తన్నాను మేడమ్. లెగాలనిపించట్లేదు. ఒక్కోపాలి బతకాలనే అనిపించట్లేదు."

ఆమె కంగారు పడలేదు. "చెప్పి మంచి పని చేశావు. ఇవాళ నిన్ను ఒక్కణ్ణే గదికి పంపను. అమ్మకి ఇద్దరం కలిసి ఫోన్ చేద్దామా?"

"తిడతాది మేడమ్."

"తిట్టనీ. నేనూ తింటాను చెరి సగం."

వాళ్లమ్మ తిట్టలేదు. మర్నాడు పలాస నుంచి రైల్లో జీడిపప్పు మూటతో దిగి, కొడుకును పట్టుకుని ఏడ్చింది. ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. వాడు కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ జీడిపప్పు ముక్కలు మాత్రం నా మూలల్లో ఇంకా ఉన్నాయి. మేడమ్ కిటుకు నాకు అప్పుడు తెలిసింది. ఆటలో నష్టపోయి మనిషిని మిగుల్చుకునే రకం.

ఇప్పుడు నా చెక్క ఉబ్బింది. పారేద్దామంటే మేడమ్ ఒప్పుకోలేదు. మొన్న, థర్డ్ ఇయర్‌కొచ్చిన చంద్రమౌళి ఒక ఫస్టియర్ పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్లాడు ఎంతసేపటికీ పెదవి విప్పలేదు. రెడ్డు అంచున ఉంది. ఎన్నడూ గురి తప్పని చంద్రమౌళి, తీరిగ్గా చూసి, తప్పాడు.

"బోర్డు వంకర, అన్నా," అన్నాడు పిల్లాడు, మొదటిసారి నోరు తెరిచి.

ఆ నింద నేనే మోశాను. నా జన్మలో ఇంత లాభసాటి బేరం లేదు.