మంద కట్టిన బడి

ఆ పొద్దున మబ్బులు గొర్రెల్లా ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి నడిచిపోతున్నాయి. అన్నిటికన్నా వెనకున్న మబ్బుకి ముందరి కాలు కుంటు. ఎర్రిస్వామి కంబళిలో నుంచి తల బయటపెట్టి, పడుకున్నచోటే వాటిని లెక్కపెడతాడు. అలవాటు. కుంటి మబ్బు కొండ ఎక్కలేక అక్కడే నిలబడిపోతుంది. మిగతావి దాని కోసం ఆగవు.

లేచి కంబళి దులుపుకుని చూస్తే, రైతు సంజప్ప బీడులో బడి పడుకుని ఉంది.

అది ఎర్రిస్వామి వాళ్ళ ఊరి బడి. ఒకే గది, ముందర వసారా. ముప్పై మైళ్ళు నడిచి వచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి అంటుకుంది. గొర్రె పడుకున్నట్టే ముందరి కాళ్ళు మడుచుకుని, తలుపు ఓరగా తెరిచి నెమరేస్తోంది. లోపలి నుంచి సుద్దముక్కల వాసన వస్తోంది.

ఎర్రిస్వామికి వింతేమీ అనిపించదు. ఏడేళ్ళుగా పిల్లలతో పాటు తను నడుస్తున్నాడు. ఏదో ఒకనాడు బడి కూడా నడవక తప్పదు. దీనికి నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలా అన్నదొక్కటే దిగులు.

ఎర్రిస్వామి వాళ్ళ ఊళ్ళో ఎండలు ముదిరేసరికి గొర్రెల కాపర్లు మందలు తోలుకుని నీళ్ళున్న వైపు పోతారు. పెళ్ళాం బిడ్డలూ వెంటే. బడిలో పేర్లు మిగులుతాయి, పిల్లలు మిగలరు. ఏడేళ్ళ కిందట ఎవరో వచ్చి, పిల్లలు లేని బడి ఎందుకని తాళం వేసిపోయారు. అందులో పాఠాలు చెప్పే ఎర్రిస్వామి నల్లబల్లను వీపున కట్టుకుని మంద వెంట బయలుదేరాడు. అప్పుడతని మోకాళ్ళు బాగుండేవి.

ఇప్పుడు పిల్లలు పంతొమ్మిది మంది. తారు రోడ్డు దాటేటప్పుడు ఎవరూ తప్పిపోకుండా ఒక తాడు పట్టుకుని వరసగా నడుస్తారు. ఆ పిల్లల్లో ఒకతైన ఈరక్క వాళ్ళవ్వ మేకవెంట్రుకలతో పేనిన తాడు. దానికి పంతొమ్మిది ముడులు. ఎవరి ముడి వాళ్ళది. పిల్లలు ముడులు పట్టుకుంటే బడి మొదలైనట్టు, వదిలితే అయిపోయినట్టు. తాడు కొస పట్టుకుని ముందర నడిచేది ఎర్రిస్వామి. ఆ కొసకు ముడి లేదు.

ఆ తాడునే తెచ్చి వసారా స్తంభానికి కడతాడు, బడి లేచి పక్క చేలో పడకుండా.

సంజప్ప వేపపుల్ల నములుతూ గట్టు మీదికి వస్తాడు.

"ఏమప్పా ఎర్రిసామీ, నీ బడి నా బీట్లో పండుకుండాది. ల్యాపొద్దు. ఇంకో రెండు దినాలు పండుకోనీ."

ఆ సీమలో మంద కట్టడమని ఒక పద్ధతి ఉంది. గొర్రెలు ఒక రాత్రి ఏ చేలో పడుకుంటే ఆ చేనికి ఎరువు. అందుకు బదులు చేను గలాయన కాపర్లకు కడుపు నిండా పెట్టాలి. బడి విషయంలోనూ రైతులు ఇదే పద్ధతి పట్టారు. నిరుడు పిల్లలు నాలుగు రోజులు కూర్చుని చదివిన చేలో సంజప్ప శనక్కాయ చెట్లు పెరికితే, ఊడలకు కాయలతో పాటు బలపాలు పట్టాయి.

పక్క చేను హనుమక్క కొంగు బిగించుకుని వస్తుంది.

"యాల రెండు దినాలు? పోయినేడూ నీ చేన్లోనే కట్టిరి. ఈ తూరి నా వంతు. నా చేనేం పాపం చేసింది, దానికి సదువు తగలకూడదా?"

"నీ చేన్లో ఏసేది ఆముదాలు గదక్కా. ఆముదాలకు ఎక్కాలెందుకు?"

"నీ శనక్కాయలేమో కలెక్టరు అయినట్టు!"

ఎర్రిస్వామి గట్టు మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటాడు. బడి ఇక ఎవరి చేలోనూ ఉండదేమో. పట్నంలోని ఒక సంస్థ నుంచి ఒకావిడ ఈరోజు వస్తానని ఫోన్ చేసింది. చదువుల రంగంలో సమాజం కోసం సొంతంగా ఏదైనా నడిపేవాళ్ళకి గొప్ప అవకాశాలున్నాయని, మీకూ ఒకటి తెస్తున్నానని చెప్పింది. ఆవిడ చేయి కలిపితే సరి, లేకుంటే ఈ ఎండాకాలంతో ఆపేద్దామని అతను లోపల ఎప్పుడో అనుకున్నాడు. ఆపేస్తే పిల్లలు మిరపకాయల కళ్ళాలకు కూలికి పోతారు. అది తెలిసే అనుకున్నాడు.

పొద్దు బారెడెక్కాక జీపు వస్తుంది. దిగినావిడ పేరు సౌదామిని. మెడలో ఫొటో ఉన్న కార్డు, ఎర్ర పట్టీతో వేలాడుతోంది. కళ్ళ కింద నల్లటి చారలు. ఈ నెలలో ఇది తొంభయ్యో ఊరు అంటుంది. చెప్పులు విప్పి బడి దగ్గరికి వెళ్ళి, కిటికీ రెక్కలు పైకెత్తి, గొర్రె వయసు చూసేవాళ్ళు పళ్ళు లెక్కపెట్టినట్టు ఊచలు లెక్కపెడుతుంది.

"ఎనిమిది పళ్ళూ ఉన్నాయి," అంటుంది.

"ఉండేదానికి ఉండాయి గానమ్మా, అరిగిపోయినాయి," అంటాడు సంజప్ప. "ముసల్ది."

"ఫరవాలేదు. మూడేళ్ళలో ఇది ఎన్ని బడులవుతుంది?"

"ఇది గొర్రె కాదమ్మా," అంటాడు ఎర్రిస్వామి. అంటూనే బడి వైపు చూస్తాడు. అది చెవులు ఆడించినట్టు కిటికీ రెక్కలు ఆడిస్తుంది. ఇక ఆ మాట మీద నిలబడటం కష్టం.

"పెరగని దాన్ని మావాళ్ళు తీసుకోరండీ. నూరు కావాలి. దీన్ని మా ఆవరణలో కడతాం, మంచి మేత పెడతాం. దీని లాంటివి నూరు పుట్టిస్తాం. మీరు ఇక నడవక్కర్లేదు."

ఆ చివరి మాట ఎర్రిస్వామి మోకాళ్ళలోకి నీళ్ళలా దిగుతుంది. ఏడేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. ఇంట్లో కూడా.

"మరి ఈ పిల్లకాయలు?"

"వీళ్ళ దగ్గరికి నూరోది వస్తుంది."

ఇంతలో పిల్లలు బడి చుట్టూ చేరారు. పదకొండేళ్ళ ఈరక్క ముందుకొస్తుంది. చంకలో నిన్న పుట్టిన గొర్రెపిల్ల.

"నూరోది ఎప్పుడు పుడుతుంది మేడం?"

"మూడేళ్ళలో, అమ్మా."

"మూడేండ్లకు నేను ఈ తాడు పట్టుకోను మేడం. మిరపకాయలు ఏరతా ఉంటాను. దావలో కనపడితే దానికి చెప్పండి, ఈరక్క ఆడుండాదని."

సౌదామిని తన చేతిసంచి తెరిచి, మూసి, మళ్ళీ తెరుస్తుంది. తర్వాత తువ్వాలు అడుగుతుంది.

పశువుల సంతలో బేరం పైకి మాట్లాడరు. తువ్వాలు కప్పుకుని లోపల వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత. ఆవిడకి ఎవరో నేర్పి పంపారు. సంజప్ప తన భుజం మీది తువ్వాలు ఇస్తాడు. దాని కింద ఆవిడ ఎర్రిస్వామి వేళ్ళన్నీ కలిపి పట్టుకుని నొక్కుతుంది. మళ్ళీ నొక్కుతుంది. నూరు. అతను చూపుడు వేలు ఒక్కటే చాస్తాడు. ఒకటి. అతను వెనక్కి లాగినా ఆవిడ ఆ వేలిని వదలదు. ఆవిడ చెయ్యి కూడా అలిసి ఉంది. ఇద్దరూ చాలాసేపు అట్లాగే నిలబడతారు, సంతలో పొద్దు గూకినా బేరం తెగనివాళ్ళలా.

చివరికి ఎర్రిస్వామి లాగడం మానేస్తాడు.

తువ్వాలు తీస్తే అతని చూపుడు వేలు ఆవిడ గుప్పిట్లో ఉంది. చెరకును కణుపు దగ్గర విరిచినట్టు శుభ్రంగా వచ్చింది. ఆ వేలితోనే పంతొమ్మిది మందికీ ఇసకలో అక్షరాలు దిద్దించాడు.

"బేరం కుదిరింది," అంటాడు సంజప్ప. ఆ మాట అనడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి అంటాడు.

"నూరోది పుట్టిన రోజున ఈ వేలు తెచ్చిస్తాను," అంటుంది సౌదామిని. వేలిని రుమాలులో చుట్టి సంచి పక్కజేబులో జాగ్రత్తగా పెట్టుకుంటుంది.

ఎర్రిస్వామి వసారా దగ్గరికి వెళతాడు. "అమ్మా, మా పక్క జీవాన్ని అమ్ముతాం గాని పగ్గం ఇవ్వం. పగ్గం పోతే ఇంటి కళ పోతుంది. కొనేవాళ్ళు తమ పగ్గం తమరు తెచ్చుకోవాల."

"మాకు తాడు అక్కర్లేదు. బడి చాలు."

"ఒకసారి ఆలోచించుకోండి."

"అక్కర్లేదండీ."

అతను ముడి విప్పుతాడు. తొమ్మిది వేళ్ళతో ఆలస్యమవుతుంది. తాడు లాగేకొద్దీ బరువెక్కుతుంది. పన్నెండో ఎక్కం వస్తుంది, పేరు పిలిస్తే పలికే "ఉన్నా సార్"లన్నీ గుత్తులుగా వస్తాయి, తడిసిన పలకల వాసన, మధ్యాహ్నపు పప్పు ఉడుకు, ఎవరో ఎప్పుడో నవ్వి ఆపుకున్న నవ్వు, అన్నీ తాడుకు అంటుకుని బయటికి వచ్చేస్తాయి. బడి నెమరు ఆపుతుంది.

సౌదామిని మెడలోని ఎర్ర పట్టీ తీసి స్తంభానికి కడుతుంది. ఫొటోలో ఆవిడ నవ్వుతోంది. జీపు కదలగానే బడి లేచి, తలుపు వేసుకుని, పట్టీ వెంట బుద్ధిగా నడుస్తుంది.

"ఎంత తేలిగ్గా ఉందో!" అంటుంది ఆవిడ కిటికీలో నుంచి.

ఎర్రిస్వామి తాడును భుజం మీద వేసుకుని నిలబడి ఉన్నాడు. దాని బరువుకి ఒక పక్కకు ఒరిగిపోయాడు. బడంతా ఈ తాడుకే వచ్చేసిందని ఆవిడని పిలిచి చెప్పాలనుకుంటాడు. తాడును ఇంకో భుజానికి మార్చుకుంటాడు. దుమ్ము అణిగేసరికి, బీడులో బడి పడుకున్నంత మేర నేల తడిగా, నలుచదరంగా మిగిలి ఉంది.

ఇప్పుడు అతను ఇంటికి పోవచ్చు. తాడును ఆ తడి మీద దించి కూర్చుంటాడు. కాడి దించుకున్న ఎద్దు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడినట్టుంది అతని వాలకం.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎవరి ముడి వాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. ఎవరూ పిలవలేదు.

"సార్, ముందర కొస వట్టిగా ఉండాది," అంటుంది ఈరక్క.

ఈరక్క గొర్రెపిల్లను దించి, తాడు కొస తీసుకుని, పళ్ళతో బిగించి ఒక ముడి వేస్తుంది. ఇరవయ్యోది. తెచ్చి అతని చేతిలో పెడుతుంది. ఆ ముడి సరిగ్గా వేలు లేని సందులో ఇముడుతుంది.

మధ్యాహ్నానికి సంజప్ప పెళ్ళాం సుంకమ్మ సంగటి గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది. వెనకే హనుమక్క ఊరుబిండి పచ్చడి గిన్నెతో.

"బడి పాయె కదన్నా, ఇంకా అన్నమెందుకు?" అంటాడు ఎర్రిస్వామి.

సంజప్ప వంగి తడినేల మీద చెవి పెడతాడు. లేచి మీసాలకంటిన మట్టి తుడుచుకుంటాడు.

"యాడికి పాయె? ఈడే నెమరేస్తాండాది. మంద కట్టినాక పెట్టాల్సిందే. తినండి."

అందరూ ఆ నాలుగు అంచుల లోపలే వరసగా కూర్చుంటారు. సుంకమ్మ విస్తళ్ళు వేస్తుంది. ఒక విస్తరి ఎక్కువ పడుతుంది. ఆమె దాన్ని వెనక్కి తీయదు.

కొండ దగ్గర ఆగిపోయిన కుంటి మబ్బు మెల్లగా చేలకు అడ్డంపడి వస్తుంది. గట్టు దగ్గర ఆగి, కుంటి కాలు ముందు పెట్టి దాటుతుంది. మోకాళ్ళ దాకా దానికి ఎర్రమట్టి. ముందరి కాళ్ళు మడిచి వాళ్ళందరి మధ్య మోకరించి, పైన కప్పులా పరుచుకుంటుంది. లోపల చల్లబడుతుంది. దాని పక్కల మీద, పాత సున్నం కింద నుంచి తేలినట్టు, పన్నెండో ఎక్కం కనిపిస్తుంది. ఈరక్క తాడు తోకను దాని కుంటి కాలికి ఒక చుట్టు చుట్టి వదులుతుంది.

సుంకమ్మ మిగిలిన విస్తట్లో సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి ఊరుబిండి వేసి, మబ్బు ముందుకు జరుపుతుంది.

మబ్బు తల వంచుతుంది. ఎర్రిస్వామి నాలుగు వేళ్ళతో ముద్ద విరుస్తాడు. అందరూ తింటారు.