నూకరత్నం ఉన్న ఫైలు

పొద్దున్న తొమ్మిదయ్యేసరికి అశ్విని వంటింటి పక్క గదిలో లాప్‌టాప్ తెరిచి కూర్చుంటుంది. చోడవరం చుట్టుపక్కల పాలు పోగుచేసే వ్యాన్లు ఏ దారిన వెళ్లాలో చెప్పే ప్రోగ్రాం రాయడం ఆమె ఉద్యోగం. ఎడిటర్‌లో రెండక్షరాలు కొడితే చాలు, కింద చిన్న జాబితా జారుతుంది. కావలసిన పేరు మీద ఎంటర్ నొక్కితే మిగతాది అదే రాసుకుంటుంది.

"దానికెలా తెలుస్తాదే?" అని అత్త చిన్నమ్మి ఒకసారి అడిగింది.

"ముందు నేను పూర్తిగా రాసేను గదత్తా. ఒక్కసారి రాసిన పేరు మరి మర్చిపోదు."

రాయని పేర్లు కూడా అందులో కనపడటం మొదలై నాలుగేళ్లయింది. పురిటింటికి పంతులు నక్షత్రం చూసి ఒక్క అక్షరం ఇచ్చి చక్కాపోతాడు. మిగతా పేరు ఇంట్లోవాళ్లు వెతుక్కోవాలి. ఇదివరకు అందుకోసం జుట్టూజుట్టూ పట్టుకునేవారు. ఇప్పుడు అక్షరం అందగానే అశ్విని గుమ్మంలో ఉంటారు. వడ్డాది నుంచి ఒకామె ఆనపకాయ చంకనపెట్టుకుని మరీ వచ్చింది. అశ్విని అక్షరం కొడుతుంది, పాల క్యాన్ల మధ్యన పిల్ల పేరు కనపడుతుంది, ఆ పిల్ల నిక్షేపంగా పెరుగుతుంది. "కరెంటు పోకముందే సూడమ్మా" అన్నవాళ్లే గానీ ఇదేం వింతని అడిగినవాళ్లు లేరు.

పేరు రానిది రెండే రెండు సార్లు. రెండుసార్లూ ఆడపడుచు ప్రవల్లిక బిడ్డలకే. ఇద్దరూ బారసాల దాకా ఆగలేదు.

ఇప్పుడు మూడో బిడ్డ. ఆడపిల్ల, ఎనిమిదో నెలలోనే పుట్టి, తొమ్మిది రోజులుగా అనకాపల్లి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. పంతులిచ్చిన అక్షరం 'నూ'.

తొమ్మిది రోజులుగా అశ్విని కొడుతూనే ఉంది. పళ్లు తోముకోకముందు ఒకసారి, అన్నం మధ్యలో ఎడం చేత్తో ఒకసారి. లేస్తుంది, కిటికీ దాకా వెళ్తుంది, ఏదీ చూడకుండానే తిరిగొచ్చి మళ్లీ కొడుతుంది. ఎన్, యు. కింద 'నంబర్ ఆఫ్ క్యాన్స్' ఒక్కటే, దారికడ్డంగా పడుకున్న దున్నపోతులా.

"ఏటే, ఒచ్చిందా?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చిన్నమ్మి.

"లేదత్తా."

మధ్యాహ్నం మూడింటికి ప్రవల్లిక ఫోన్ చేసింది. "వదినా, పిల్లగుంట పాలు తాగట్లేదు. గొట్టంతో పోసినా కక్కేస్తంది. ఏటైనా కనపడిందా?"

"సూస్తన్నానమ్మా."

"కనపడకపోతే కనపడలేదని సెప్పీ. ఈసారి ముందే తెలిస్తే..."

ఫోన్ పెట్టేసిన అశ్వినికి ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు, పంతులు మీదా కాదు.

"అత్తా, ఈ గుంటకి ఏం పేరనుకున్నారు?"

"ఒసే! ఇరవయ్యొకటో రోజు దాకా పేరెత్తకూడదు. ముందు ఇద్దరికీ ఎత్తేమా?"

"ఎత్తక ఏం మిగిలింది? పేరు లేకండానే పోయేరు. ఎవరో ఒకరు ఒకసారి రాస్తే గదా, లాప్‌టాప్ రెండోసారి సెప్పడానికి! రెండుసార్లూ దాని మొహం సూసి సేతులు ముడుసుకు కూచున్నాను. సిగ్గులేదు నాకు. పేరు సెప్తావా, నన్నే పెట్టెయ్యమంటావా?"

చిన్నమ్మి చేతిలో చిక్కుడుకాయ విరగకుండా అలాగే ఉండిపోయింది. "నూకరత్నం" అంది చివరికి. "మా యమ్మ పేరు. తొంభయ్యేళ్లు బతికి, ఊళ్లో ఒక్కర్నీ వదలకండా తిట్టి పోయింది."

"అదీ పేరంటే."

అశ్విని ప్రోగ్రాం ఫైలు నెత్తిన ఆ పేరు అక్షరమక్షరం పూర్తిగా రాసి ఆఫీసుకి పంపించింది. పది నిమిషాలకి విశాఖపట్నం నుంచి ఆమె పై అధికారి ప్రేమ్‌కుమార్ ఫోన్ చేసేడు.

"నూకరత్నం ఎవరండీ?"

"మా ఆడపడుచు కూతురు సార్."

"అలాగా. పేరు బావుంది. కానీ ఎక్కడా వాడలేదు గదా. వాడని పేర్లు రోజూ సాయంత్రం నాలుగింటికి ఆఫీసు మెషీనే ఊడ్చేస్తాది, నేనాపలేను. గుంటకి ఏదో ఒక పని సెప్పండి."

టైము మూడున్నర. ఏం పని? విరిగిన పాల లెక్క దగ్గరికి వెళ్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. దారిలో చెడిపోయిన వ్యాన్లకా? ఛీ. ఫైలంతా పైకీ కిందికీ తిరిగింది. అట్టడుగున, బయల్దేరిన ప్రతి వ్యానూ క్షేమంగా ఇంటికి చేరిందా అని చూసే ముక్క ఉంది. అక్కడున్న పాత పేరు పదకొండు చోట్ల ఉంది. మొదటిది పీకి నూకరత్నాన్ని పూర్తిగా రాసింది. రెండో చోట రెండక్షరాలే కొట్టింది.

జాబితా జారింది. దున్నపోతు కింద నూకరత్నం.

ఆరోసారికి రెండూ పక్కపక్కనే తోసుకుంటున్నట్టున్నాయి. పదకొండోసారికి నూకరత్నమే పైన కూర్చుంది. అశ్విని పంపించేసింది. నాలుగింటికి మెషీన్ ఊడ్చింది; ఏడు పేర్లు పోయేయి, అది పోలేదు.

నాలుగూ పదికి ప్రవల్లిక ఫోన్, చిన్నమ్మికీ వినపడేంత గట్టిగా. "వదినా, తాగింది! తాగి ఏడ్చింది. నర్సమ్మ పరిగెత్తుకొచ్చేసింది. అది ఏడుపు కాదే, ఎవర్నో తిడతన్నట్టుంది!"

"మా యమ్మే," అని చిన్నమ్మి కొంగుతో మొహం తుడుచుకుని, కాయ విరిచింది.

అశ్విని కుర్చీ ముందుకి లాక్కుంది. సాయంత్రం లోపల క్యాన్ల పని ముగించాలి. ఎన్, యు కొట్టింది. నూకరత్నం వచ్చింది. క్యాన్లు కావాలంటే ఇకనుంచి జాబితాలో ఒక మెట్టు కిందికి దిగాలి.

దిగింది.