పసుపునీళ్లు చల్లిన ఫోను

ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది నాయన గంగాధర, అమ్మ లక్ష్మి, నాయనను కన్న జేజి ఇందిరమ్మ, మా అన్న వంశీకృష్ణ, ముందురోజు జమ్మలమడుగు నుంచి వచ్చిన అమ్మ తమ్ముడు శివ మామ, నేను. కొట్టంలో ఉండేవాటిని లెక్కపెట్టకూడదని జేజి అంటుంది, దిష్టి తగులుతుందట. అందుకని అంకె వెయ్యకుండా పేర్లు మాత్రం రాస్తాను. పెద్దోడు, మొండోడు. ఇవి బండ లాగే పందేనికి పెంచిన ఎద్దులు. నల్లబర్రె, దాని దూడ. ఒక కాలు ఈడ్చే మేక. కోళ్లు.

ఆ రోజు పులివెందుల పక్కన ఒక ఊరి తిరునాళలో పందెం. ఎద్దులను ఎక్కించుకుని పోవడానికి పది గంటలకు లారీ వస్తుందని చెప్పారు. అమ్మ నాలుగింటికే లేచింది. నేను అయిదింటికి లేచి, ఉడికిన ఉలవలు రుబ్బి, గంగాళంలోకి ఎత్తి చల్లారబెట్టాను. రుబ్బేటప్పుడు ఏమీ ఆలోచించను. చెయ్యి తిరుగుతుంది, అంతే.

మా ఇంట్లో తినడానికి ఒక వరస ఉంది. ముందు ఎద్దులు, తర్వాత మగవాళ్లు, తర్వాత జేజి, తర్వాత నేను. అమ్మ ఎప్పుడు తింటుందో నేను ఎన్నడూ సరిగ్గా చూడలేదు. ఎద్దులకు ఉలవలు, కోడిగుడ్లు, ఖర్జూరాలు, ఎండాకాలమైతే ఫ్యాను. పోయిన ఏడు మొండోడి మోకాలు వాచినప్పుడు ప్రొద్దుటూరు నుంచి కారులో డాక్టరు వచ్చాడు. నాయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అమ్మ మణికట్టు వాచి ఎనిమిది నెలలైంది. "గుడ్డ కట్టుకో, దానంతటదే పోతాది," అన్నాడు నాయన. కోపంగా అనలేదు, వాన వస్తుందేమో అన్నట్టు మామూలుగా అన్నాడు. అమ్మ గుడ్డ కట్టుకుంది. పేడ తీసేటప్పుడు తడుస్తుందని విప్పి దండెం మీద వేస్తుంది. తర్వాత కట్టుకోవడం మరిచిపోతుంది. ఇది రాసేటప్పుడు నాకు ఏడుపు రావాలి గదా అనుకుంటాను. రాదు. చలికాలం పొద్దున బోరు నీళ్లలో చెయ్యి పెట్టి ఉంచితే కాసేపటికి చెయ్యి ఉన్నట్టే తెలియదు చూడు, అట్లా ఉంటుంది లోపల.

నాకు నలుగురిలో మాట రాదు. పదో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివాను. ఇప్పుడు చాపాడు మీదుగా పోయే బస్సెక్కి ప్రొద్దుటూరుకు ఇంటర్‌కు పోతున్నాను. కాలేజీలో మేడం హాజరు పిలిచినప్పుడు నేను ఉన్నానని చెప్పడానికి కూడా గొంతు సరిచేసుకోవాలి. బడులు మూసి ఫోన్లో పాఠాలు చెప్పిన కాలంలో నాయన నాకు ఒక ఫోను ఇప్పించాడు. ఇప్పుడు దాని అద్దం ఒక మూల పగిలింది. ఇచ్చిన రోజే నాయన చెప్పాడు, "ఆడపిల్ల మొగం ఎవుని ఫోన్లోనైనా కనపడిందంటే నేను మనిషిని కాదు" అని. అందుకని నా ముఖం ఎప్పుడూ తీసుకోలేదు. బర్రె ముఖం తీశాను.

ఇన్‌స్టాలో 'మా కొట్టం' అని ఒక పేజీ పెట్టాను. ఊరి పేరు లేదు, నా పేరు లేదు. కాకి చెవిలో పురుగులు ఏరుతుంటే కళ్లు మూసుకున్న నల్లబర్రె. చేటలో నిద్రపోయిన కోడి. నాలుక మొత్తం కనపడేట్టు ఆవలించే పెద్దోడు. ఎవరెవరో చూడటం మొదలుపెట్టారు. మొన్నటికి ముప్పైయారు వేల మంది అయ్యారు. కువైట్ నుంచి ఒకామె రాసింది, ఎవరింట్లోనో పిల్లలను చూసుకునే పనిలో ఉందట, రోజూ నల్లబర్రెను చూసి పడుకుంటుందట. సిగ్గేసి ఆమెకు బదులు రాయలేదు. మరుసటి రోజు నల్లబర్రెది ఇంకొక ఫోటో పెట్టాను.

పందెం ఫోటోలు మాత్రం ఒక్కటీ పెట్టలేదు. వంశీ తీసిన వీడియో ఒకసారి చూశాను. బండ కదలకపోతే మొండోడి వెన్ను మీద చర్నాకోల పడుతూనే ఉంది. పక్కన మగవాళ్లు ఈలలు వేస్తున్నారు. మొండోడి నోటినిండా నురగ. ఇంటికొచ్చాక ఆ వాతలకు అమ్మ పసుపూ నూనె రాసింది. నేను గిన్నె పట్టుకున్నాను.

శనివారం సాయంత్రం మామ తన ఫోను చూస్తూ చూస్తూ, "ఇది మన మొండోడు గదప్పా!" అన్నాడు. ఎడమ కొమ్ము కింద మచ్చను బట్టి పట్టేశాడు. అందరూ నా వైపు చూశారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. నా ముఖం అందులో లేదు గదా. వంశీ అంకె చూసి, "ముప్పైయారు వేలా!" అన్నాడు. వాడు రెండేళ్లుగా పందెపు ఎద్దుల పేజీ నడుపుతున్నాడు. దానికి నాలుగు వందల మంది కూడా లేరు. రాత్రి అన్నం దగ్గర నాకు మొదటిసారి వాడే నీళ్లు ముంచి ఇచ్చాడు. అప్పుడే నాకు భయం వేసింది.

ఆదివారం నేను ఉలవల పని ముగించి చేతులు కడుక్కుని వచ్చేసరికి వాడు కొత్త ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందరూ గొప్పగా చెప్పుకుంటారే, ఆ ఫోనే. వారం కింద ప్రొద్దుటూరులో కొన్నాడు. జేజి దాన్ని దేవుని గూట్లో పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ ఎరుపు ఇంకా ఒక మూల ఉంది.

"ఇంక దీంతోనే తీయి. ఈ పొద్దు లారీ ఎక్కించేకాడ మొదలుపెట్టు. పేజీ పేరు మారుస్తాం, 'వంశీ బుల్స్' అని. పొద్దనా మాపునా ఫోటోలు నువ్వే తీయాల. పేజీ మాత్రం నా దగ్గరుంటాది," అన్నాడు.

నేను ఆ ఫోనును కిటికీలో పెట్టాను. "వద్దన్నా."

"ఏంది వద్దు?"

"పేజీ ఇయ్యను. ఈ ఫోనుతో తీయను."

మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్న మామకు నవ్వొచ్చి పొలమారింది. "ఫోను వద్దనే ఆడపిల్లను నిన్నే చూస్తాండా పాపా. కాలేజీ నీళ్లు పడలేదా ఏంది?"

ఎందుకు వద్దో నాకు తెలుసు. చెప్పడమే రాదు. మా వీధిలో భవ్యక్క ఉండేది. నాకంటే మూడేళ్లు పెద్ద. ఇంటర్ అయ్యాక తమిళనాడు వైపు ఒక ఫ్యాక్టరీకి పోయింది. ఆ ఫోన్లు తయారయ్యేది అక్కడే. సెలవు రోజు నాకు వాయిస్ మెసేజీలు పెడుతుంది. పొద్దస్తమానం ఒకటే పని, ఫోను లోపల ఒక మూల చిన్న మర బిగించడం. నిలబడే చేయాలి. బాత్రూముకు పోవాలంటే చెయ్యెత్తాలి, పోయి వచ్చే నిమిషాలు ఎవరో రాసుకుంటారు. కాళ్లు వాచి చెప్పులు పట్టకపోతే మగవాళ్ల చెప్పులు కొనుక్కుందట. సొంత ఫోను లోపలికి పోనియ్యరు. ఒకసారి అడిగింది, "నేను చేసే ఫోన్లో ఫోటో ఎట్ల వస్తాదే? ఇంతవరకూ చూడలా" అని. వచ్చేయక్కా అంటే రాదు. వస్తే పెళ్లి చేస్తారని. "ఆడా నిలబడేదే, ఈడా నిలబడేదే. ఈడైతే షిఫ్టన్నా అయిపోతాది" అంటుంది. వంశీ ఆ ఫోను పెట్టె తెరిచిన రోజు అందరూ దాని మెరుపు చూశారు. నేను మూలల్లో మర కోసం వెతికాను. పైకి కనపడదు.

ఇదంతా చెప్పాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఇంతే. "అది భవ్యక్క వాళ్లు చేసేది. పొద్దంతా నిలబెట్టి చేపిస్తారంట."

"నిలబడి పని చేయనిది ఎవురే?" అంది జేజి. "మీయమ్మేమన్నా కూచోని చేస్తాందా?"

ఎగతాళికే అంది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి రొట్టెలు తడుతోంది. తల తిప్పలేదు.

"సరే పాపా," అన్నాడు మామ, నవ్వుతూనే. "మరి నీ చేతిలో ఉండే పాత ఫోను చెట్టుకు కాసిందా?"

అదీ ఎవరో ఒక అమ్మాయి నిలబడి చేసిందే అయ్యుంటుంది. ఆమె నాకు తెలియదు, భవ్యక్క తెలుసు, అంతే తేడా. తప్పు తెలిసిన తర్వాత కొత్తగా ఇంకోటి చేతిలోకి తీసుకోలేను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

"ఎద్దులను కొడతారు," అన్నాను. "అది పెట్టను నేను. వాళ్లు మొండోణ్ణి చూసేకి వస్తారు."

"ఎవురు వాళ్లు? నీకేమవుతారు?" వంశీ గొంతు పెరిగింది. "కొట్టకుండా బండ లాగుతాదా ఎద్దు? నువ్వు పోయి బతిమాలు, లాగుతాదేమో చూస్తాం."

అప్పటిదాకా పేపరు చూస్తున్న నాయన దాన్ని మడిచాడు. "ఎద్దులు ఇంటివి. నీ చేతిలో ఉండే ఫోను నేను కొనిచ్చింది. కొట్టం నేను కట్టించింది. నీదేముంది దాంట్లో? ఇచ్చేయ్ వానికి."

నాదేముందో ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. నల్లబర్రె నాది కాదు. నా పేరు కూడా దాంట్లో లేదు. కాకి వచ్చి చెవి మీద వాలేదాకా పేడ తట్ట పక్కన పెట్టుకుని కదలకుండా నిలబడింది మాత్రం నేను. దాన్ని ఏమంటారో, దానికి కూడా యజమాని ఉంటాడో నాకు తెలియదు.

"పాస్‌వర్డు చెప్పొద్దులే," అన్నాడు వంశీ. "ఓటీపీ ఆ ఫోనుకే గదా వచ్చేది. ఇట్లియ్."

చెయ్యి చాపి వచ్చాడు. నేను వెనక్కి పోయాను. వీపుకు గోడ తగిలింది. వాడి వేళ్లు నా చేతికి జానెడు దూరంలో ఉన్నాయి.

"నేను బయట ఉన్నా," అన్నాను.

మా ఇంట్లో ముట్టయితే మూడు రోజులు వాకిలి పక్క గదిలో ఉండాలి. మనం తాకింది ఎవరూ తాకకూడదు. నాలుగో రోజు తలకు పోసుకున్నాకే లోపలికి రావాలి. ఆ తేదీలు గుర్తుపెట్టుకునేది అమ్మ ఒక్కతే. ఊర్లో శానామంది ఇవి మానేశారు. మా ఇంట్లో ఎద్దుల వల్ల మానలేదు. పందెం రోజు అట్లాంటి ఆడమనిషి నీడ పడినా ఎద్దు బండ కదిలించదని జేజి నమ్మకం. నాయన నమ్మకం కూడా.

వంశీ చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత వెనక్కి పోయింది. తాకకపోయినా లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎప్పుట్నుంచే?" జేజి లేచి నిలబడింది.

"ఇప్పుడే."

"ఉలవలు రుబ్బింది ఎవురు?"

"నేనే. అప్పటికి కాలేదు జేజీ."

"నీకు తెలిసేలోపల అయ్యుండదా! ఎద్దుల నోట్లో పెట్టలేదు గదా ఇంకా? పారబోయండి, పారబోయండి. లక్ష్మీ, మళ్లీ ఉడకెయ్. గంగాధరా, ఆ పిల్లను దాటుకోని పోగాకు."

నాయన చెప్పులు వేసుకుని కొట్టం వైపు పోయాడు. నా వైపు చూడలేదు. మామ కాఫీ గ్లాసుతో సహా మంచం ఆ చివరకు జరిగాడు. జేజి చెంబులో పసుపు కలుపుకుని, నాలుగు వేపాకులు తెంపుకొచ్చి, కిటికీలో ఉన్న కొత్త ఫోను మీద చల్లడం మొదలుపెట్టింది.

"జేజీ! ఆపు జేజీ! లోపలికి పోతాయి నీళ్లు!"

"నీళ్లల్లో పడినా ఏం గాదని షాపోడు చెప్పె గదరా అల్లుడా," అన్నాడు మామ.

"నీళ్లని చెప్పినాడు మామా, పసుపునీళ్లని చెప్పలేదు గదా!"

జేజి ఆపలేదు. బొట్టు ఉన్న మూల నుంచి పసుపూ ఎరుపూ కలిసి కిటికీ బండ మీదికి కారాయి. వంశీ దాన్ని తువ్వాలలో చుట్టుకుని ఎండలోకి పరుగెత్తాడు. నేను చూస్తూ నిలబడ్డాను. పొద్దటి నుంచి నేను చెప్పినవన్నీ నిజాలు. ఒక్కరూ కదలలేదు. చివరికి ఒక అబద్ధం చెప్పాను. అందరూ దారి ఇచ్చారు. సంతోషం కలగలేదు. సిగ్గు కూడా కలగలేదు. ఇన్నాళ్లూ నన్ను గోడకు ఒత్తిన దాన్నే తీసి అడ్డం పెట్టుకున్నానని మాత్రం తెలిసింది.

పాత ఫోను నా చేతిలోనే ఉంది. మూడు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోరు. గదిలోకి నడుస్తూ అనుకున్నాను, పేజీకి ఉన్న నా నంబరు తీసేసి భవ్యక్క నంబరు పెట్టాలని. ఆమె షిఫ్టు దిగి, లాకరు తెరిచి, ఓటీపీ చూసి చెప్తుంది. ఆ తర్వాత వీళ్లు నా ఫోను తీసుకోనీ. పగలగొట్టుకోనీ.

పెరట్లో ఉలవలు పారబోసిన చప్పుడు వినపడింది. కాసేపటికి అమ్మ వచ్చింది. గడప అవతలే నిలబడి చాప లోపలికి దొర్లించింది, నీళ్ల చెంబు జరిపింది. మళ్లీ రుబ్బాల్సింది అమ్మే. రేపటి పేడ, ఎల్లుండి పేడ, నా వంతు నీళ్లు, అన్నీ అమ్మకే. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ముందు గుర్తురాలేదు. మణికట్టుకు గుడ్డ లేదు. అమ్మ నా చేతిలో ఫోను చూసింది. వెనక్కి తిరిగి వసారాలో ఎవరున్నారో చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"పోయిన మంగళవారమే గదమ్మా నువ్వు తలకు పోసుకుండేది," అంది, నాకొక్కదానికే వినపడేట్టు.

నేను నోరు తెరిచేలోపల రెండు రెక్కలూ దగ్గరికి లాగి తలుపు మూసింది.