ఇరవై తొమ్మిది డిగ్రీల ఉప్పు

పగలు పన్నెండింటికే గోడ మీది థర్మామీటరు ముప్పై నాలుగుకు చేరింది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గరి ఆ అంగన్‌వాడీకి ఇక మిగిలింది ఒక్క రోజు.

మర్నాడు రెండింటికి అధికారి భానుప్రసాద్ వస్తాడు. రేకుల గదిలో వేడి ముప్పై రెండు దాటితే కేంద్రాన్ని నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరికి మార్చేస్తాడు. మూడేళ్ల పిల్లలు అంత దూరం పోలేరు. అందుకే టీచర్ దేవవ్వ, కరీంనగర్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే పద్మలతను బతిమాలి రప్పించింది.

పద్మలత రేకుల కింద వరుసగా ఉప్పు పొట్లాలు కట్టించింది. వంటింటి ఉప్పు కాదు, ఇరవై తొమ్మిది డిగ్రీల దగ్గర కరిగే రకం. కరుగుతున్నంతసేపూ గదిలోని వేడిని తాగేస్తుంది. రాత్రి చల్లగాలికి గడ్డకట్టి మర్నాటికి సిద్ధమవుతుంది. అయినా నాలుగు రోజులుగా గది ఉడికిపోతూనే ఉంది.

పద్మలత స్టూలెక్కి ఒక పొట్లాన్ని నొక్కింది. నీళ్లలా కదిలింది. పొద్దున ఎనిమిదింటికి కూడా ఇలాగే ఉందని దేవవ్వ చెప్పింది. అంటే రాత్రి గడ్డకట్టడం లేదు. బయట తెల్లవారుజామున దుప్పటి కప్పుకునేంత చలి. దాన్ని లోపలికి రానివ్వనిది ఎవరు?

ఆయా సత్తమ్మ గిన్నెలు తోమడం ఆపింది.

"పొద్దుగూకంగనే కిటికీలన్నీ నేనే బిగిస్త మేడం. తెరిసి పెడితే కోతులు గుడ్లు ఎత్తుకపోతయ్. మొన్న నా చెప్పు గుడ తీస్కపోయినయ్. అదీ ఒక్కటే."

చువ్వలు లేని చెక్క కిటికీలు. ఇనుప జాలి బిగించే మనిషి ఆదిలాబాద్ నుంచి రావడానికి రెండు రోజులట. పద్మలత తల పట్టుకుంది. దేవవ్వ అప్పటికే వీధిలోకి నడిచి, మంచానికి నులక అల్లుతున్న అంజన్న ముందు నిలబడింది.

"మంచం తర్వాత అల్లుదువు గాని మామా, ముందుగాల మా కిటికీలు అల్లుతవా?"

"గాలి పోవాల్నా, కోతి పోవాల్నా?"

"గాలి ఒక్కటే."

అంజన్న నులక చుట్ట భుజాన వేసుకున్నాడు. సాయంత్రానికి నాలుగు చట్రాలకూ కోతి చెయ్యి దూరనంత బిగువుగా అల్లేశాడు. సత్తమ్మ రెండు చేతులతో లాగి చూశాక గానీ రాత్రి కిటికీలు తెరిచి ఉంచడానికి ఒప్పుకోలేదు.

తెల్లారేసరికి పొట్లాలు ఇటుకల్లా గట్టిపడ్డాయి. గుడ్లు పదిలం. ఎండెక్కకముందే కిటికీలు మూయమని పద్మలత అంటే సత్తమ్మ వింతగా చూసింది. రాత్రి తెరవాలట, పగలు మూయాలట.

భానుప్రసాద్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. బయట ముప్పై ఎనిమిది, లోపల ముప్పై. గోడ మీది థర్మామీటరు చెడిపోయిందని అతని అనుమానం. సంచిలోంచి సొంతది తీసి తగిలించాడు. అది సర్దుకోవడానికి పావుగంట పడుతుందని, నిద్రపోతున్న పిల్లల పక్కన చాప మీద కూర్చున్నాడు.

పావుగంటకు అది కూడా ముప్పై దగ్గరే ఆగింది. చూడాల్సిన మనిషి మాత్రం గురక పెడుతున్నాడు.

ఫైలు పట్టుకొని నిలబడ్డ దేవవ్వ కొంగు లాగింది సత్తమ్మ.

"లేపకు టీచరమ్మా. గింత మంచి నిద్ర పట్టిన జాగను ఎవడు తీసేస్తడు?"

నాలుగింటికి భానుప్రసాద్ లేచి, మొహం కడుక్కొని, కేంద్రం ఇక్కడే ఉండాలని రాసి సంతకం పెట్టాడు. జీపెక్కబోతూ, తన ఆఫీసుది కూడా రేకుల కప్పేనని పద్మలతతో మెల్లగా చెప్పాడు.